తమ్ముడు ఫిట్స్ మాత్రలు ఆపేస్తానంటున్నాడు, ఏం చేయాలి? ఇంకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తూర్పుగాలి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా తమ్ముడికి 19 ఏళ్ళు. నాలుగు నెలల కిందట ఒకే నెలలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండూ తెల్లవారాక, నిద్ర లేచిన కాసేపటికే. స్కానింగ్, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) అన్నీ చేశాక న్యూరాలజిస్ట్ లెవెటిరాసెటమ్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు, ఆ విషయంలో సంతోషమే. కానీ మనిషే మారిపోయాడండీ. గొంతు పెంచి మాట్లాడటమే తెలియనివాడు ఇప్పుడు చిన్న మాటకి కసురుకుంటున్నాడు. మొన్న చార్జర్ కనపడలేదని ఫోన్ గోడకేసి కొట్టాడు, తర్వాత గదిలో తలుపేసుకుని ఏడ్చాడు. "నాకే తెలియట్లేదక్కా ఎందుకు కోపం వస్తోందో" అన్నాడు.

నిన్న బట్టలు ఉతకడానికి తీస్తుంటే వాడి చొక్కా జేబులో మూడు మాత్రలు దొరికాయి, ఒకటి చెమటకి మెత్తబడి గుడ్డకి అంటుకుపోయింది. నిలదీస్తే, రాత్రి మాత్ర కొన్నిసార్లు వేసుకోవట్లేదని ఒప్పుకున్నాడు. "నాలుగు నెలలుగా రాలేదు కదా, ఇక మానేస్తాను" అంటున్నాడు. పైగా పరీక్షలు దగ్గరపడ్డాయి, రెండింటిదాకా మేలుకుని చదువుతున్నాడు.

వాడి కోపం నిజంగా మాత్ర వల్లేనా? వల్లే అయితే సగం చేసి ఇవ్వొచ్చా? ఒక పూట మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోవాలా? జలుబుకీ నొప్పులకీ మామూలుగా వేసుకునే మాత్రలు దీంతో పడతాయా? డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ ఇంకా మూడు వారాలుంది. ఇంట్లో అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

రాతిమెట్టు జవాబు

చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఈ రాత్రి మాత్ర వాడు నీ ఎదురుగా వేసుకునేలా చూడు. రేపు పొద్దున్నే డాక్టర్ గారి క్లినిక్‌కి ఫోన్ చేసి, జేబులో దొరికిన మాత్రల సంగతీ కోపం సంగతీ రెండూ చెప్పు. మూడు వారాలు ఆగొద్దు. ఇలాంటివాటికి అపాయింట్‌మెంట్ దాకా ఆగమని ఏ న్యూరాలజిస్టూ అనరు.

నేను 16 ఏళ్ళుగా ఫిట్స్ మందులు వాడుతున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నా 22వ ఏట అచ్చం మీ తమ్ముడిలాగే అనుకున్నాను. 14 నెలలు ఒక్క ఫిట్ లేదు, ఇక నాకేం లేదు, అనవసరంగా ఒళ్ళు పాడుచేసుకుంటున్నాను అని ఎవరికీ చెప్పకుండా మానేశాను. పది రోజులు బ్రహ్మాండంగా ఉన్నాను, తల తేలికగా, నిద్రమత్తు లేకుండా. పదకొండో రోజు మొదలైంది. ఒకటి ఆగి స్పృహ రాకముందే ఇంకోటి. కళ్ళు తెరిచేసరికి ఐసీయూలో ఉన్నాను, కుడి భుజం కీలు తప్పింది, నాలుక అంచు తెగిపోయి నాలుగు రోజులు మాట రాలేదు. ఆ 14 నెలలు ఫిట్స్ రాకపోవడానికి కారణం జబ్బు పోవడం కాదు, రోజూ లోపలికి వెళ్ళిన మాత్ర. ఈ ముక్క నాకు అప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

మందు ఉన్నట్టుండి ఆగితే మెదడు అంతకుముందు కన్నా ఎక్కువగా రెచ్చిపోతుంది. ముఖ్యంగా ఫినోబార్బిటాల్, క్లోబజామ్, క్లోనజెపామ్ లాంటివి. వాటికి ఒళ్ళు బాగా అలవాటు పడి ఉంటుంది కాబట్టి డాక్టర్లు కూడా వారాలు, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. లెవెటిరాసెటమ్ అయినా అంతే, చటుక్కున ఆపకూడదు. మందులు ఎప్పటికీ ఆపరా అంటే, కొందరికి ఆపుతారు. సాధారణంగా రెండేళ్ళో అంతకన్నా ఎక్కువో ఫిట్స్ లేకుండా గడిచాక, ఈఈజీ చూసి, ఏ రకం మూర్ఛో చూసి, అప్పుడు ఆలోచిస్తారు. నాలుగు నెలలంటే ఇంకా మొదట్లోనే ఉన్నట్టు.

ఇక కోపం గురించి. ఆ మాత్ర వల్ల అయ్యే అవకాశం బాగా ఉంది. లెవెటిరాసెటమ్‌కి చిరాకు, కోపం, దిగులు, ఏడుపు రావడం అనేది డాక్టర్లందరికీ తెలిసిన సైడ్ ఎఫెక్ట్. అందరికీ రాదు, వచ్చినవాళ్ళకి మాత్రం నరకమే. నా స్నేహితుడికి ఇదే మందు చక్కగా పడింది, నాకు మూడో వారానికే ఇంట్లోవాళ్ళ ముఖం చూస్తే చాలు ఒళ్ళు మండేది. అది నా బుద్ధి కాదు, మందు చేస్తున్న పని అని డాక్టర్ చెప్పాక సగం భారం దిగిపోయింది. మీ తమ్ముడికి కూడా ముందు ఆ మాట చెప్పు, వాడి తప్పేమీ లేదని.

డోసు సగం చేయడం మాత్రం నువ్వు చేయకు, అది డాక్టర్ గారి పని. ఈ మందు పడకపోతే వేరేవి చాలా ఉన్నాయి. కాకపోతే మార్చే పద్ధతి ఉంటుంది, కొత్తది తక్కువ డోసుతో మొదలుపెట్టి అది పని చేసే స్థాయికి వచ్చేదాకా పాతది కొనసాగించి, తర్వాత మెల్లగా తీసేస్తారు.

ఇంకో విషయం, తప్పకుండా అడగాల్సింది. పొద్దున్నే లేచాక వాడి చేతులు ఒక్కసారిగా ఎగిరిపడతాయా? పళ్ళు తోముకుంటుంటే బ్రష్ జారిపోవడం, చేతిలో గ్లాసు దూరంగా విసిరినట్టు పడిపోవడం లాంటివి? ఆ వయసులో, నిద్ర లేచిన కాసేపటికే ఫిట్స్ వచ్చేవాళ్ళలో ఒక రకం మూర్ఛకి అదే గుర్తు. చాలామంది అది ఫిట్స్‌లో భాగం అనుకోరు, ఏదో కంగారు అనుకుని డాక్టర్‌కి చెప్పరు. ఆ రకానికి కార్బమజెపైన్, ఫెనిటోయిన్ లాంటివి ఇస్తే తగ్గకపోగా ఆ ఎగిరిపడటం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. పక్కింటివాళ్ళకి బాగా పనిచేసిన మాత్ర మనకీ పనిచేస్తుందని అనుకోకూడదనేది అందుకే. రాత్రి రెండింటిదాకా మేలుకోవడం అయితే వెంటనే ఆపించు. నిద్ర తక్కువైతే మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా ఫిట్ వచ్చేస్తుంది, నాకు రెండుసార్లు అలాగే వచ్చింది.

నీలిమేఘం జవాబు

మా బంధువుల అబ్బాయికి ఇలాగే రెండుసార్లు వస్తే ఆరు నెలలు వాడి మానేశాడు, ఇప్పటికి ఐదేళ్ళు, ఏమీ రాలేదు. ఇంగ్లీషు మందులు ఎక్కువ కాలం వాడితే లివరు కిడ్నీలు పోతాయి. అబ్బాయికే ఇష్టం లేనప్పుడు బలవంతం ఎందుకు, కొన్నాళ్ళు ఆపి చూడండి.

మాత్రలడబ్బా జవాబు

నీలిమేఘం గారూ, ఆ అబ్బాయికి రాలేదంటే సంతోషం. కానీ "ఆపి చూడటం" అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. మళ్ళీ వస్తే అది మెట్ల మీద రావచ్చు, స్నానాల గదిలో రావచ్చు, బండి నడుపుతుండగా రావచ్చు. అదుపులో లేని పెద్ద ఫిట్స్ ఉన్నవాళ్ళలో నిద్రలోనే ప్రాణం పోవడం కూడా ఉంది. మూర్ఛ ఉన్నవాళ్ళలో ఏడాదికి సుమారు వెయ్యిలో ఒకరికి అలా జరుగుతుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు, చాలామందికి ఎప్పటికీ జరగదు. కానీ దాన్ని తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్న ముఖ్యమైన పని ఫిట్స్ రాకుండా చూసుకోవడమే, అంటే మాత్ర తప్పకుండా వేసుకోవడమే.

నేను ఫార్మసిస్ట్‌ని. రోజూ ఈ మందులు చేతుల్లోంచి వెళ్తుంటాయి కాబట్టి అడిగినవాటికి, అడగనివాటికి కూడా చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

లివరు, కిడ్నీల భయం అన్ని మందులకీ ఒకేలా ఉండదు. లివరు విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాల్సింది వాల్‌ప్రొయేట్‌కి, అందుకే దానికి ముందు, తర్వాత రక్తపరీక్షలు చేయిస్తారు. అది వాడేవాళ్ళకి ఆగకుండా వాంతులు, పొట్టలో గట్టి నొప్పి, కళ్ళు పచ్చబడటం, మరీ మత్తుగా పడి ఉండటం కనిపిస్తే అదే రోజు చూపించాలి. లెవెటిరాసెటమ్ చాలావరకు కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి డోసు తగ్గించి రాస్తారు. 19 ఏళ్ళ ఆరోగ్యవంతుడైన కుర్రాడికి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఒక పూట మర్చిపోతే: గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు, తర్వాతి డోసు టైం దగ్గరపడిపోతే మాత్రం పోయినదాన్ని వదిలేసి టైం ప్రకారం వేసుకోవాలి. రెండు కలిపి వేసుకోకూడదు. "దగ్గరపడటం" అంటే ఎన్ని గంటలు అనేది మందుని బట్టి మారుతుంది, అందుకే ఫోన్ చేసినప్పుడు ఇది కూడా అడిగి ఒక కాగితం మీద రాసి మాత్రల డబ్బాకి అంటించండి. మాత్ర వేసుకోగానే వాంతి అయితే ఏం చేయాలో కూడా అప్పుడే అడగండి. లామోట్రిజిన్ వాడేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, అది వరసగా కొన్ని రోజులు ఆగిపోతే మళ్ళీ పాత డోసుతో మొదలుపెట్టకూడదు. మొదటిసారిలాగే చిన్న డోసు నుంచి వారాల తరబడి పెంచుకుంటూ రావాలి, లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు.

దద్దుర్ల సంగతి అందరూ తెలుసుకోవాలి. కార్బమజెపైన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద ఎర్రటి మచ్చలు, జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కడం వస్తే అది మామూలు ఎలర్జీ అనుకుని క్రీమ్ రాసుకుని కూర్చోకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. లెవెటిరాసెటమ్, క్లోబజామ్‌లతో కూడా అరుదుగా జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపుతో కూడిన తీవ్రమైన రియాక్షన్ వస్తోందని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. కార్బమజెపైన్ విషయంలో ఆసియా వాళ్ళలో కొందరికి ఉండే ఒక జన్యువు వల్ల ఈ ప్రమాదం ఎక్కువ, దాన్ని ముందే రక్తపరీక్షతో చూడొచ్చు.

మనసు విషయం. 2008లో అదే ఎఫ్‌డీఏ 11 రకాల ఫిట్స్ మందుల మీద జరిగిన 199 పరీక్షల్ని కలిపి చూసింది. చచ్చిపోవాలన్న ఆలోచనో ప్రయత్నమో మందు వేసుకున్నవాళ్ళలో 0.43 శాతం మందిలో, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 0.24 శాతం మందిలో కనిపించింది. అంకెలు చిన్నవే, మందు మానేయడానికి అది కారణం కాదు. కానీ తూర్పుగాలి గారూ, మీ తమ్ముడు గదిలో తలుపేసుకుని ఏడ్చాడని రాశారు, అది నన్ను ఆపింది. ఈ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా" అని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అపాయింట్‌మెంట్ మాటే వద్దు.

జలుబు, నొప్పుల మాత్రలు. జ్వరానికి మామూలు డోసులో పారాసెటమాల్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. జ్వరాన్ని వదిలేస్తేనే ఫిట్ వచ్చే అవకాశం పెరుగుతుంది. నొప్పులకి ఇచ్చే ట్రమడాల్ మాత్రం ఫిట్స్ ఉన్నవాళ్ళు వేసుకోకూడదు, అది ఫిట్స్‌ని రెచ్చగొడుతుంది. మత్తు తెప్పించే పాత రకం జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివాటితోనూ జాగ్రత్త. యాంటీబయాటిక్స్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఫిట్స్ తెప్పించగలవు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కార్బమజెపైన్‌ని రక్తంలో పెంచేసి తల తిరుగుడు, తూలుడు తెస్తాయి. ఆసుపత్రిలో సెలైన్‌లో ఎక్కించే మెరోపెనెమ్ దీనికి పూర్తిగా ఉల్టా, వాల్‌ప్రొయేట్‌ని ఒకట్రెండు రోజుల్లోనే బాగా పడగొడుతుంది. ఇవన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, ఏ మందుల షాపులో నిలబడినా మొదటి మాటగా "ఫిట్స్ మందు వాడుతున్నాడు" అని దాని పేరు చెప్పండి, పళ్ళ డాక్టర్‌కైనా సరే. చాలామంది సిగ్గుపడి చెప్పరు, అదే నాకు బాధ. కౌంటర్ దగ్గర పక్కన ఎవరైనా ఉన్నారని గొంతు తగ్గించి జలుబు మాత్ర ఒక్కటే అడుగుతారు. అలాంటప్పుడు కాగితం మీద రాసి ఇచ్చినా చాలు.

నిల్వ గురించి ఎవరూ చెప్పరు. మాత్రల్ని స్నానాల గది అల్మారాలో పెట్టకండి. కార్బమజెపైన్ మాత్ర తేమ తగిలితే లోపల గట్టిపడి సరిగ్గా కరగదు, బలంలో మూడో వంతు దాకా పోవచ్చు. చూడటానికి మాత్ర బాగానే ఉంటుంది, ఫిట్ ఎందుకొచ్చిందో అర్థం కాక తల పట్టుకుంటారు. జేబులో పెట్టుకున్న మాత్రలు కూడా మళ్ళీ వాడకండి. సిరప్ అయితే ప్రతిసారీ బాగా కుదపాలి, ముఖ్యంగా ఫెనిటోయిన్ సిరప్. లేకపోతే సీసా పైభాగంలో మందు పలచగా, అడుగున చిక్కగా ఉండిపోయి ఆఖరి చెంచాలు ఎక్కువ డోసు అవుతాయి. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రల్ని నలపకూడదు, నమలకూడదు. ఇక కంపెనీ మార్పు. ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, ప్రిమిడోన్ వాడేవాళ్ళు ఒకే కంపెనీది కొనసాగించాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ చెబుతుంది. లెవెటిరాసెటమ్‌కి అంత పట్టింపు అక్కర్లేదు, అయినా మాత్ర రంగు, ఆకారం మారితే వేసుకునేముందు స్ట్రిప్ వెనక పేరూ మిల్లీగ్రాములూ చదవండి. స్ట్రిప్‌లో ఆఖరి వరస మొదలవగానే కొత్తది తెచ్చేయండి, అయిపోయే రోజు దాకా ఆగొద్దు.

రాతిమెట్టు మళ్ళీ

మాత్రలడబ్బా గారు సిరప్ గురించి చెప్పింది చదివి నా ఫెనిటోయిన్ రోజులు గుర్తొచ్చాయి. ఆ మందుకి ఒక గుణం ఉంది, ఒక స్థాయి దాకా లివరు దాన్ని చక్కగా బయటికి పంపిస్తుంది, ఆ హద్దు దాటాక డోసు కొంచెం పెంచినా రక్తంలో విపరీతంగా పెరిగిపోతుంది. నాకు 300 నుంచి 400 చేశారు. రెండు వారాలకి నడుస్తుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అద్దంలో చూసుకుంటే నా కళ్ళు పక్కకి తిప్పినప్పుడు నిలవకుండా సన్నగా కొట్టుకుంటున్నాయి, గడియారంలో సెకన్ల ముల్లులాగా. తాగి వచ్చావా అని ఆఫీసులో అడిగారు. రక్తపరీక్ష చేస్తే మందు ఉండాల్సింది 10 నుంచి 20 మధ్య, నాకు 31 వచ్చింది. డోసు సరిచేశాక వారంలో తగ్గింది. కాబట్టి తూలుడు, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం వస్తే "మందు కదా, ఇంతేలే" అని సర్దుకోవద్దు, రక్తపరీక్ష అడగండి. అదే మందుకి చిగుళ్ళు కూడా పెరుగుతాయి, నాకు ముందు పళ్ళ మీదకి సగం దాకా వచ్చాయి. రోజూ రెండుపూటలా శ్రద్ధగా తోముకోవడం, ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టర్‌కి చూపించుకోవడం నాకు ఎవరో ముందే చెప్పి ఉంటే బాగుండేది.

తూర్పుగాలి

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి మాత్ర నా ఎదురుగానే వేసుకున్నాడు. మాత్రలడబ్బా గారూ, మీరు చెప్పినట్టే సూటిగా అడిగాను. గొంతు వణికింది నాకు. చావాలనిపించట్లేదు గానీ అందరినీ బాధపెడుతున్నానని తన మీద తనకే అసహ్యంగా ఉందన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు, నాలుగు నెలల్లో అంత మాట్లాడటం ఇదే మొదలు. చేతులు ఎగిరిపడతాయా అని అడిగితే, పొద్దున్నే అప్పుడప్పుడు దువ్వెన జారి పడుతుంది, బద్ధకం అనుకున్నాను అన్నాడు! రేపు డాక్టర్ గారికి అదీ చెబుతాం.

ఇంకో సందేహం. ఒకవేళ ఫిట్ వస్తే మేం ఏం చేయాలి? పోయినసారి అందరం కంగారుపడి కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకున్నాం.

సన్నజాజి జవాబు

పట్టుకోవద్దండీ. కదలికల్ని ఆపబోతే కీళ్ళు తప్పుతాయి, మీకూ దెబ్బ తగులుతుంది. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేయడం అనేది జరగదు, పెట్టిన వస్తువు వల్ల పళ్ళు విరిగి ఊపిరికి అడ్డం పడొచ్చు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు, మాత్ర ఏదీ నోట్లో పోయకూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, మెడ దగ్గర బట్ట వదులు చేసి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అన్నిటికన్నా ముందు గడియారం చూడండి. మనకి కంగారులో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకముందే మళ్ళీ మొదలైనా, దెబ్బ తగిలినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా అంబులెన్స్ పిలవాలి. ఆగని ఫిట్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవడానికి రాస్తారేమో డాక్టర్‌ని అడగండి. రాస్తే ఎప్పుడు, ఎంత కొట్టాలో వాళ్ళ దగ్గరే నేర్చుకోండి.

నేను ఇక్కడ అసలు రాయాలనుకున్నది ఆడవాళ్ళ కోసం. తమ్ముడి సంగతి కాకపోయినా ఈ చర్చ చదివే అమ్మాయిలు చాలామంది ఉంటారు. వాల్‌ప్రొయేట్ వాడుతూ గర్భం వస్తే పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుకతో లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే గర్భం వచ్చే వయసువాళ్ళకి వేరే దారి ఉంటే అది రాయరు. కానీ తెలిసిన రోజునే భయపడి మాత్ర ఆపేయడం ఇంకా ప్రమాదం, పెద్ద ఫిట్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. పిల్లలు కావాలనుకున్నప్పుడే, గర్భం రాకముందే న్యూరాలజిస్ట్‌ని కలిసి మందు మార్చుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. నేను అలాగే మార్చుకుని లామోట్రిజిన్ మీదకి వచ్చాను. గర్భంలో ఆ మందు రక్తంలో బాగా పడిపోతుంది, నాకు నెలనెలా పరీక్ష చేసి డోసు పెంచుకుంటూ వచ్చారు, కాన్పు తర్వాత మళ్ళీ తగ్గించారు. గర్భనిరోధక మాత్రలతో కూడా తిరకాసు ఉంది. కార్బమజెపైన్, ఫెనిటోయిన్ లాంటివి వాటిని పనిచేయకుండా చేస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలేమో లామోట్రిజిన్‌ని తగ్గించేస్తాయి. కాబట్టి గైనకాలజిస్ట్‌కీ న్యూరాలజిస్ట్‌కీ ఇద్దరికీ అన్నీ తెలియాలి.

బిడ్డ పుట్టాక రాత్రిళ్ళు నిద్ర ఉండదు కదా, అదే నా పెద్ద భయం. పాపకి పాలిచ్చేది, బట్టలు మార్చేది అంతా నేల మీద పరుపు వేసుకునే, మంచం మీద కాదు. స్నానం ఒక్కదాన్నే ఎప్పుడూ పోయలేదు. రాత్రి ఒక పూట పాలు మా ఆయన పట్టేవారు, నాకు వరసగా ఐదు గంటల నిద్ర దొరికేలా.

మీ తమ్ముడికి కూడా స్నానాల గది గడియ వేసుకోవద్దని చెప్పండి, తలుపు దగ్గరగా వేసుకుంటే చాలు. ఈత ఒంటరిగా వద్దు, ఎత్తైన చోట్లు ఎక్కడం వద్దు. బండి మళ్ళీ ఎప్పుడు నడపొచ్చో డాక్టర్ చెప్పేదాకా తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. మద్యం అలవాటుంటే దాని గురించి కూడా దాచకుండా డాక్టర్‌కి చెప్పమనండి.

తూర్పుగాలి (తొమ్మిది రోజుల తర్వాత)

ఏమైందో చెప్పాలి కదా అని వచ్చాను. ఫోన్ చేసిన మర్నాడే డాక్టర్ గారు రమ్మన్నారు. తిడతారేమో అని వాడు భయపడ్డాడు, ఆయన అస్సలు కోప్పడలేదు. దువ్వెన సంగతి వినగానే పెన్ను పక్కన పెట్టి చాలా ప్రశ్నలు అడిగారు, నిద్ర గురించి, పొద్దున్న లేచే టైం గురించి. ఇంకో మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. లెవెటిరాసెటమ్ ప్రస్తుతానికి అలాగే ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గిస్తామన్నారు. ఒంటి మీద చిన్న మచ్చ కనపడినా ఫోన్ చేయమన్నారు. వారానికి 14 గళ్ళుండే మాత్రల డబ్బా కొన్నాం, ఆదివారం వాడే నింపుకుంటాడు, రాత్రి పూట గడి ఖాళీ అయిందో లేదో నేను చూస్తాను. అమ్మానాన్నలకి కూడా చెప్పేశాం. పుస్తకాలు పదకొండుకి మూసేస్తున్నాడు. కోపం ఇంకా ఉంది. కానీ కోపం వచ్చినప్పుడు "అక్కా, ఇది మందు" అని చెప్పి గదిలోంచి బయటికి వెళ్తున్నాడు.

ఒక్కటే మిగిలింది. పరీక్ష కేంద్రం వేరే ఊళ్ళో పడింది, నాలుగు రోజులు హాస్టల్లో ఒక్కడే ఉండాలి. మందుల విషయంలో ఏం చూసుకోవాలి?

మాత్రలడబ్బా జవాబు

చాలా మంచి కబురు చెప్పారు. నాలుగు రోజులకి వెళ్తుంటే ఎనిమిది రోజుల మాత్రలు పంపండి, స్ట్రిప్‌తో సహా, మందుల చీటీ కాపీతో సహా. సగం పెట్టెలో, సగం ఎప్పుడూ తన దగ్గరుండే సంచిలో పెట్టుకోవాలి, పెట్టె పోయినా మందు ఆగకూడదు. రెండు మందుల పేర్లు, మిల్లీగ్రాములు కనిపించేలా ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. తనతో గదిలో ఉండే ఒక్క స్నేహితుడికైనా ఫిట్స్ సంగతీ, పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలన్న సంగతీ చెప్పి ఉంచమనండి. కొత్త మందు మొదటి వారాల్లోనే ఈ ప్రయాణం పడుతోంది కాబట్టి డోసు పెంచాల్సిన రోజు ఆ నాలుగు రోజుల్లో వస్తుందా అని ఈ రోజే డాక్టర్ గారిని అడగండి, వస్తే ఎప్పుడు పెంచాలో వాళ్ళే చెబుతారు.